తిన్నంక వేసే గోలి

మాది బెల్లంపల్లి. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా కంపెనీ దవాఖానకు పోవడం, వాళ్ళిచ్చిన గోలీలు నోరు మూసుకుని మింగడం, అంతే మాకు తెలిసిన వైద్యం. ఒక గోలి చుట్టూ ఇంత కథ నడుస్తుందని నాకు ఉద్యోగం వచ్చి, వేములవాడకు దగ్గర్లోని ఒక నేత ఊరికి వచ్చేదాకా తెలియదు.

నా పని ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం. హైస్కూలు ఆవరణలో ఓ మూల, విరిగిన బెంచీలు పడేసుకునే గదిని ఖాళీ చేసి మాకిచ్చారు. మా పిల్లలకు అది చాలనుకున్నారు కాబోలు. అక్షరాలు ఎలా దిద్దించాలో, బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ ఎలా సాగదీయాలో నాకు శిక్షణలో నేర్పారు. గోలీల గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వచ్చిన కొన్నాళ్ళకే నా హ్యాండ్‌బ్యాగు మందుల దుకాణం అయిపోయింది. మిగతా టీచర్లు మందు ముట్టుకునేవారు కాదు. రేపు ఏదన్నా అయితే మా మెడకు చుట్టుకుంటుంది మేడం అనేవారు. నా మెడ ఏమన్నా ఇనుపదా అని అడగాలనిపించేది. ఒకటి రెండుసార్లు అడిగాను కూడా. అందుకే స్టాఫ్‌రూంలో నాకు గయ్యాళి అని పేరు.

మా గదికి వచ్చేవాళ్ళలో ఒక పిల్ల ఆరో తరగతి. పసితనంలో జ్వరం మెదడుకెక్కి ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా పనిచేయకుండా పోయాయి. కాలు ఈడ్చినా నడిచేది. చెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడుచుకుని, వేళ్ళు పిడికిలి కట్టుకుని, ఎప్పుడూ ఛాతీకి ఆనుకునే ఉండేది. దానికి తోడు ఫిట్స్. వాళ్ళ అమ్మతో కలిసి నేనే ఆమెను కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపించాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలి రాసిచ్చాడు. ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దన్నాడు. ఆపితే ఏదో ఒకరోజు ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తాయని, అలా వస్తే పిల్ల దక్కకపోవచ్చని చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల్లివైపు చూడలేదు, నావైపు చూశాడు. కింద మందుల దుకాణంలో అతను గోలీల పట్టీలు కవర్లో వేస్తూ, పొద్దుగాల తిన్నంక ఒకటి, రాత్రి తిన్నంక ఒకటి అని తల్లికి రెండుసార్లు చెప్పాడు. ఆమె కూడా తిన్నంక, తిన్నంక అనుకుంటూ బస్సెక్కింది.

మందు పనిచేసింది. వానాకాలమంతా పిల్ల ఒక్కసారి కూడా పడలేదు. తెలుగు వాచకం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం చలికాలం రాగానే దిగిపోయింది.

సోమవారాలు నేను బడిలో ఉండేదాన్ని కాదు. మంచం మీదినుంచి లేవలేని పిల్లల ఇళ్ళకు, చుట్టుపక్కల ఊళ్ళకు తిరగాలి. ఒక మంగళవారం పొద్దున నేను గేటు దాటేసరికి హెడ్మాస్టరు గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నిన్న సాయంత్రం ఆఖరి పీరియడ్‌లో పిల్ల బెంచీ మీదినుంచి కిందపడి కొట్టుకుందట. ఎవరో చేతిలో తాళాల గుత్తి పెట్టారట, ఎవరో ఉల్లిగడ్డ కోసం వంటగదికి పరిగెత్తారట. ఒక్కరు కూడా పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టలేదు. నేను ఎన్నిసార్లు చెప్పానో, ఎన్నిసార్లు చేసి చూపించానో! నా నోరు ఊరుకోలేదు. ఆయన అంతా విని, శాంతంగానే తన మాట చెప్పారు. ఇలా మళ్ళీ ఒకసారి జరిగితే పిల్లను ఇంట్లోనే ఉంచుకోమంటారట. ప్రాణం పోతే జవాబు చెప్పాల్సింది ఆయనే కదా. ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు, అంతే. భయపడ్డ మనిషితో వాదించడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

అదే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాడకట్టంతా సాంచెల చప్పుడు. ఆ మరమగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే మొహంలో మొహం పెట్టి మాట్లాడాలి. తండ్రి సాంచెల మీద పనికి పోయాడు. తల్లి ముందరింట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. నాయనమ్మ అరుగు మీద ఉంది. గోలీలు వేస్తున్నారా లేదా అని కొంచెం గట్టిగానే అడిగాను. నిజం చెప్పాలంటే, వీళ్ళు మానేశారని నిర్ణయించుకునే వెళ్ళాను. తల్లి చేట పక్కన పెట్టి లేచింది.

“ఒక్క పూట గూడ తప్పలే మేడం. రాజన్న మీద ఒట్టు.”

పట్టీలు తెచ్చి చూపించింది. ఖాళీ అయిన పట్టీలు కూడా పారేయకుండా దాచింది. ఆమె కళ్ళల్లో అబద్ధం లేదు. మరి మందు ఎందుకు పనిచేయడం లేదో నాకు అంతుపట్టలేదు. అప్పుడు నాయనమ్మ నన్ను అరుగు మీద కూర్చోమని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“గది రోగం గాదు బిడ్డా. రోగమైతే వారం చూసుకొని వస్తదా? గిది సోమారం నాడే వస్తది. నా మనుమరాలి మీదికి రాజన్న వస్తుండు.”

బడిలో పడింది ఒక్కసారేనట. ఇంట్లో అయితే కార్తీకం నుంచీ సోమవారం సోమవారం పొద్దుగూకే వేళ, దీపం పెట్టే సమయానికి వస్తోందట. మొదట్లో ఇంటివాళ్ళు కూడా భయపడ్డారట. తర్వాత వాడకట్టువాళ్ళు గుర్తుపట్టారట, ఇది శివుడి వారమని, అంటే వేములవాడ రాజన్న వారమని. శివరాత్రి దాటాక వేములవాడ పోయి కోడె మొక్కు చెల్లిస్తారట. గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేసి, అదే రోజు గోలీలు ఆపేస్తారట. దేవుణ్ణి గోలీలతో ఆపితే ఆయనకు కోపం రాదా అని ఆ ముసలమ్మ నన్నే అడిగింది. శివరాత్రి ఎంతో దూరం లేదు. డాక్టరు నా మొహం చూసి చెప్పిన మాట చెవుల్లో మోగింది. లేచి వచ్చేశాను. ఆ పూట నోరు తెరిస్తే ఏదో ఒకటి అనేసేదాన్ని.

తర్వాతి సోమవారం ఊళ్ళు తిరగడం మానుకుని బడిలోనే ఉండిపోయాను. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పిల్లలందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఈ పిల్ల మాత్రం మా గదిలో కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. అన్నానికి పోలేదేమని అడిగాను. ఒక్కపొద్దు అంది.

ఒక్కపొద్దంటే మా వైపు కొత్త మాటేమీ కాదు. దేవుడి పేరు మీద పగలంతా తినకుండా ఉండి, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తినడం. సోమవారమైతే మా స్టాఫ్‌రూంలోనే సగం మంది టిఫిన్ డబ్బాల మూత తియ్యరట. ఫిట్స్ పూర్తిగా పోవాలని నాయనమ్మ మొక్కుకుని, కార్తీకంలో పిల్లతో మొదలుపెట్టించింది. కార్తీకం పోయినా ఆపలేదు. ఇంత చిన్నపిల్లతో ఉపవాసాలేమిటని విసుక్కుంటూనే, మాటవరసకు పొద్దున గోలి వేసుకున్నావా అని అడిగాను. పిల్ల నన్ను వింతగా చూసింది.

“తిన్నంకనే గద టీచర్ గోలెయ్యాలె? తినలే గద.”

తల్లి చెప్పింది అక్షరాలా నిజం. ఒక్క పూట కూడా తప్పలేదు. తిన్న ప్రతి పూటా గోలి పడింది. తినని పూట అసలు పూటే కాదు వాళ్ళ లెక్కలో. ఆదివారం రాత్రి వేసుకున్న గోలి తర్వాత మళ్ళీ సోమవారం రాత్రి దాకా పిల్ల కడుపులోకి మందు పోవడం లేదు. పైగా ఆకలి. సరిగ్గా దీపం పెట్టే వేళకు పడిపోతోంది. రోగం పోవాలని పట్టిన ఒక్కపొద్దే రోగాన్ని పిలుచుకొస్తోంది. వచ్చిన రోగాన్ని దేవుడనుకుని ఒక్కపొద్దు ఇంకా నిష్ఠగా పడుతున్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు. మందుల దుకాణం అతను తప్పు చెప్పలేదు. తల్లి తప్పు వినలేదు.

కరీంనగర్ డాక్టరుకు ఫోన్ చేశాను. కడుపులో మంట పుట్టకుండా ఉండడానికి తిన్నాక వెయ్యమంటామని, తినకపోతే మానెయ్యమని కాదని ఆయన అన్నారు. వెంటనే ఒకటి వెయ్యమన్నారు. నా బ్యాగులో ఆ గోలీలు లేవు. ఇంటికి పంపి తెప్పించబోతే నాయనమ్మ ఇవ్వనందట. ఒక్కపొద్దు చెడుతుందని. బడి వదిలాక పిల్లను వెంటబెట్టుకుని నేనే నడిచాను.

పిల్ల లోపలికి పోయింది, నేను అరుగు మీద చెప్పులు విప్పుతుండగానే ఫిట్స్ వచ్చేశాయి. లోపల దీపం ముందర పిల్ల ఒక్కసారి బిగుసుకుపోయి పక్కకు ఒరిగింది. నేను పరిగెత్తి పట్టుకుని పక్కకు తిప్పి, తల కింద నా కొంగు మడిచి పెట్టాను. అప్పటికే ముందరింట్లో మనుషులు. ఎప్పుడొచ్చారో, ఎక్కడినుంచి వచ్చారో తెలియదు. పసుపు నీళ్ళ చెంబులు, కొబ్బరికాయలు. ఒకామె వంగి, దుబాయి పోయిన కొడుకు నుంచి ఫోన్ రావడం లేదని, ఎప్పుడు వస్తాడో చెప్పమని నురగ కక్కుతున్న పిల్లను అడుగుతోంది. జరగమని అరిచాను. దేవుడి ముందర గట్టిగా మాట్లాడొద్దని ఎవరో నన్నే కసిరారు. కాసేపటికి వణుకు తగ్గింది, ఊపిరి కుదుటపడింది. పిల్ల కళ్ళు తెరిచింది. అందరూ ఒక్కొక్కరుగా వంగి ఆమె చేతిని కళ్ళకద్దుకుని వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కోపంతో ఆ పిల్ల మొహం వైపు నేను సరిగా చూడనే లేదు.

అందరూ వెళ్ళాక ఇంటివాళ్ళతో మాట్లాడాను. తండ్రి కూడా వచ్చాడు. దేవుడు లేడు, గీడు లేడు అని వాదించడానికి నాకు నోరు రాలేదు. నేను కూడా రాజన్నకు మొక్కేదాన్నే. గోలి ముచ్చట చెప్పాను. తల్లికి చప్పున అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. నాయనమ్మ మాత్రం కదల్లేదు. ఒక్కపొద్దు నాడు గోలి మింగితే ఎంగిలి అవుతుందంది. అప్పుడు నాకు ఆమె పక్కన ఉన్న కప్పు కనబడింది.

“అవ్వా, పొద్దటి నుంచి ఎన్నిసార్లు చాయ తాగినవ్? చాయకు చెడని ఒక్కపొద్దు గింత గోలికి చెడుతదా?”

తండ్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికే. ముసలమ్మ కప్పువైపు చూసింది. ఆమెకు కూడా నవ్వొచ్చింది కానీ ఒప్పుకోలేదు. దేవుడికి కోపమొస్తే ఎవరు పట్టాలని అడిగింది. నాకు ఆ క్షణాన ఎలా తట్టిందో గాని, దేవుడే అయితే ఒక చిన్న గోలి ఆయన్ని ఆపగలదా అన్నాను. గోలి వేసినా సరే ఆయన వచ్చి తీరుతాడు. రోగమైతే ఆగిపోతుంది. మొక్కు రోజు దాకా సోమవారాలు గోలి వేసి చూద్దాం, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను. ముసలమ్మ కప్పు పక్కకు జరిపింది. ఆమెకు దేవుడి మీద నాకంటే ఎక్కువ నమ్మకం. ఆయన వస్తాడనే ధీమాతోనే ఒప్పుకుంది. అయితే పందెం నాతో కాబట్టి సోమవారం గోలి నేనే, నా చేతులతో వెయ్యాలంది.

ఆ తర్వాతి సోమవారాలు నాకు బాగా గుర్తు. పొద్దున ప్రార్థన కాగానే పిల్ల మా గదికి వచ్చేది. వంటమ్మ ఇచ్చిన చాయలో ఇంకాస్త చక్కెర వేసి, దాంతో గోలి మింగించి, ఆ తర్వాతే ఊళ్ళకు బయలుదేరేదాన్ని. సాయంత్రం ఏదో ఒక సాకు చెప్పి వాళ్ళ వాడకట్టు మీదుగా వెళ్ళేదాన్ని. మొదటి సోమవారం ముందరింటి నిండా జనం. దీపం పెట్టారు. కూర్చున్నారు. సాంచెల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్ల దీపం ముందర మఠం వేసుకుని కూర్చుని అటూ ఇటూ చూస్తోంది. చీకటి పడ్డాక పసుపు నీళ్ళ చెంబులు పట్టుకుని ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆ తర్వాతి వారం సగం మందే వచ్చారు. దుబాయి కొడుకు తల్లి మాత్రం ఇంకోవారం కూడా వచ్చి కూర్చుంది. చివరికి ఆమె కూడా రావడం మానుకుంది.

దేవుడు రాలేదు. ఫిట్స్ రాలేదు. మొక్కు రోజు కోడెను కట్టి వచ్చారు, గోలీలు ఆపలేదు; సోమవారం ఒక్కపొద్దు, నా చేతి గోలి అలాగే సాగాయి. నాయనమ్మ నాతో ఓడిపోయానని అనలేదు, నేనూ ఆమెతో అనిపించలేదు. తల్లి మాత్రం ప్రసాదం తెచ్చి నా చేతిలో పెట్టి ఏడ్చింది. హెడ్మాస్టరు గారు పిల్లను ఇంటికి పంపే మాట మళ్ళీ ఎత్తలేదు. నాకైతే కాళ్ళు నేల మీద లేవు. స్టాఫ్‌రూంలో ఈ కథ ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేదాన్ని. చాయ కప్పు దగ్గరకు వచ్చేసరికి అందరూ నవ్వేవారు.

ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఒక సోమవారం. ఎప్పటిలాగే గోలి నోట్లో వేసి చాయ ఇచ్చాను. పిల్ల తాగింది. వాచకం తియ్యమన్నాను. చదవమంటే తలొంచుకుని ఏదో గొణిగింది. మాట ముద్దగా వస్తోంది. నాకు అనుమానం వచ్చి నోరు తెరవమన్నాను. తెరవలేదు. గద్దించాను. బుగ్గలోంచి గోలి తీసి అరచేతిలో పెట్టింది. సగం కరిగింది.

ఇన్నాళ్ళూ ఎన్ని గోలీలు ఇలా బయట ఉమ్మావని అడిగాను. ఇదే మొదటిసారట. ఒట్టు వేసింది. చచ్చిపోదామనుకున్నావా అని అరిచాను. అంత మాట అనకూడదు, కానీ భయం నాతో అలా అనిపించింది. పిల్ల ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. బయట ఆరో తరగతి ఆడపిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు.

“గోలేస్తే దేవుడొస్తలేడు టీచర్” అంది.

రాకపోతే మంచిదే కదా, పడిపోవడం లేదు కదా, దెబ్బలు తగలడం లేదు కదా అని నాకు తెలిసిన మాటలన్నీ చెప్పుకొచ్చాను. పిల్ల అన్నిటికీ తలూపింది. తర్వాత కుడిచేత్తో తన ఎడమచేతిని ఎత్తి, పిడికిలి కట్టుకున్న ఆ చేతిని నాకు చూపించింది.

“దేవుడొస్తే అందరు గీ చెయ్యిని పట్టుకొని కండ్లకద్దుకునేటోళ్లు. ఇప్పుడు గీ చెయ్యిని ఎవ్వలు ముడుతలేరు.”

నేను ముడుతున్నాను కదా అనబోయాను. రోజూ ఆ చేతిని పట్టుకునేదాన్నే నేను. మోచెయ్యి సాగదీయడానికి, వేళ్ళు విప్పడానికి, అంకెలు లెక్కపెడుతూ. అది నా పని. ఆ తేడా పిల్లకు తెలుసు. ఆ సాయంత్రాలు ఆమె కళ్ళు తెరిచేసరికి చుట్టూ అంతమంది ఉండేవారు. ఎవరి చెయ్యీ వెనక్కి పోయేది కాదు. నేను ఆ పిల్ల ప్రాణం కాపాడాను, ఇప్పటికీ అదే అనుకుంటాను, మళ్ళీ అలాగే చేస్తాను. కానీ ఆమె దగ్గరనుంచి ఏం తీసుకున్నానో ఆ పొద్దు దాకా నాకు తెలియదు. బదులుగా ఇవ్వడానికి నా బ్యాగులో ఏమీ లేదు.

ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. సాగదీయలేదు, లెక్కపెట్టలేదు. కళ్ళకద్దుకుందామనిపించింది గాని, అలా చేస్తే నేను కూడా దేవుడికే మొక్కినట్టవుతుంది, ఆ పిల్లకు కాదు. ఊరికే పట్టుకుని కూర్చున్నాను. నా కళ్ళ నీళ్ళు చూసి పిల్లే భయపడింది.

“మింగాల్నా టీచర్?”

“మింగాలె బిడ్డా.”

పట్టీలోంచి కొత్త గోలి తీసి ఇచ్చాను. చల్లారిపోయిన చాయతో వేసుకుంది. గొంతు కదలడం చూశాను. ఆ తర్వాత, నేను అడక్కుండానే, నోరు పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తి, ఏమీ దాచలేదని చూపించింది.